పాత ఉబుంటు సిస్టమ్‌లు ఉన్నవాళ్లు ఒకసారి చూడండి

అందరికీ నమస్కారం. విజయనగరం కోట జంక్షన్ నుంచి బొబ్బిలి దాకా మన సెంటర్లలో చాలాచోట్ల ఇంకా పాత ఉబుంటులే (విండోస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) నడుస్తున్నాయి. అడిగితే "నెట్ పెద్దగా వాడం కదండీ" అంటున్నారు.

కానీ 2022 జనవరిలో బయటపడిన ప్వన్‌కిట్ అనే భద్రతా లోపానికి నెట్‌తో పనే లేదు. అడ్మిన్ హక్కులతో వేరే పనులు నడిపించే పీకేఎగ్జెక్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో అది 2009 నుంచీ ఉంది. ఆ ఫైల్‌కి సెట్‌యూఐడీ పర్మిషన్ ఉంటుంది కాబట్టి ఎవరు నడిపినా రూట్ (సిస్టమ్ మీద పూర్తి హక్కులున్న యూజర్) అధికారంతోనే నడుస్తుంది. దాన్ని ఒక్క ఆర్గ్యుమెంట్ (పిలిచేటప్పుడు ప్రోగ్రామ్‌కి ఇచ్చే మాట) కూడా లేకుండా, చివరికి తన పేరు కూడా ఇవ్వకుండా పిలిస్తే, లేని ఆర్గ్యుమెంట్ ఉందనుకుని పక్క మెమరీని చదువుతుంది, అక్కడే రాస్తుంది కూడా. ఆ పక్కన ఉండేవి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే నడిపేవాళ్లు ప్రోగ్రామ్‌కి ఇచ్చే సెట్టింగ్‌లు. వాటితో ఆడుకుంటే మామూలు లాగిన్ ఉన్న కుర్రాడు కూడా రూట్ అయిపోతాడు.

అప్‌డేట్ చేస్తే పోతుంది. కుదరకపోతే ఆ ఫైల్‌కి చ్‌మాడ్ (పర్మిషన్లు మార్చే కమాండ్) 0755 కొట్టి సెట్‌యూఐడీ తీసేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగే ఒకటి రెండు పనులు ఆగొచ్చు, పర్లేదు.

ఇంకో మాట. ఫోల్డర్ తెరుచుకోకపోతే వెంటనే చ్‌మాడ్ 777 (అందరికీ అన్ని పర్మిషన్లూ) కొట్టేయడం, తాళం పట్టట్లేదని తలుపు ఊడబీకినట్టే. మొన్న ఒక సెంటర్లో ఆధార్ స్కాన్‌ల ఫోల్డరే అలా ఉంది! ఒక్కరే వాడితే 700 (ఓనర్‌కి మాత్రమే), ఇద్దరు ముగ్గురైతే గ్రూప్ పెట్టి 770 (ఓనర్‌కీ గ్రూప్‌కీ) చాలు.

మీ సిస్టమ్‌లో సెట్‌యూఐడీ ఉన్న ఫైళ్ల లిస్ట్ ఆదివారంలోపు నాకు పంపండి. టెక్స్ట్ కాపీ చేసి పెట్టండి బాబూ, స్క్రీన్ ఫోటోలు నా కళ్లకు ఆనట్లేదు.