తలకిందులోడికి

ఒరేయ్ తలకిందులోడా,

ముందు తిట్టుకో. తిట్టుకోవడం అయ్యాక తీరిగ్గా కూర్చుని చదువు. ఉగాదికి నువ్వు పెట్టిన మెసేజ్‌కి మే నెల సగం దాటాక జవాబు రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. ఫోన్ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. కానీ ఫోన్లో చెప్తే నువ్వు సగంలోనే నవ్వుతావు, నవ్వితే నేను చెప్పలేను, అందుకే రాస్తున్నా. నీ పేరు సంగతే ఇది. ఉండు, వస్తున్నా.

ఇంట్లో విశేషాలు: అందరూ బాగున్నారు. చెల్లికి రెండో పాప. మీ అమ్మ మొన్న అలసంద వడలు పంపింది, నీ పేరు చెప్పుకుని నేనే తిన్నాను. ఎండ 43 దాటింది, కర్నూలు కర్నూలులాగే ఉంది. ఇంక నా ఎడమ కాలు విరిగింది. కంగారు పడకు, ఐదు వారాలైంది. మేడ మీద కూలర్‌కి నీళ్ళు పోసి బకెట్టుతో దిగుతూ జారాను, అంతే. బకెట్టుకి ఏమీ కాలేదు, అమ్మ రోజూ అదే గుర్తు చేస్తుంది.

ఆరు వారాలు కట్టు అన్నారు. మొదటి వారం ఫోన్ చూశాను. రెండో వారానికి ఫోన్ చూస్తే వాంతి వచ్చేట్టు అయ్యింది (నువ్వు హంపి బస్సులో చేసుకున్నంత కాదులే). అప్పుడు మొదలుపెట్టాను పనులు. మిక్సీ విప్పి మళ్ళీ బిగించాను, రెండు స్క్రూలు మిగిలాయి కానీ తిరుగుతోంది. తాత రేడియో తెరిచాను, లోపల చెదలు తప్ప ఏమీ లేదు, మళ్ళీ మూసేశాను. పాత డబ్బాల్లో కొత్తిమీర వేశాను, మొలవగానే పిల్లి దాని మీద పడుకుంది. అమ్మకి మల్లెపూలు కట్టడం నేర్పమన్నాను, నా మాల చూసి పక్కింటి పెద్దమ్మ ఇది మాలనా జడ చిక్కా అంది. ఇవన్నీ సరే.

అసలు విషయం ఏమంటే, మేడ మెట్లు ఎక్కలేనని నన్ను కింద నాయనమ్మ గదిలో, అదే మన జేజి గదిలో వేశారు. జేజి పోయాక ఆ గదిని నాయన స్టోర్ రూమ్ చేసేశాడు కదా, కిటికీకి అడ్డంగా బియ్యం బస్తాలు, పాత పరుపులు. అవన్నీ తీయించి, అదే నవారు మంచం, అదే మూలకి వేసి, తల కిటికీ వైపు, కాళ్ళు గోడ వైపు. జేజి పడుకున్నట్టే.

మధ్యాహ్నం మన ఇళ్ళల్లో ఎట్లా ఉంటుందో తెలుసు కదా, తలుపులు కిటికీలు మూసేసి, లైటు తీసేసి, చీకటి గుయ్యారం. పన్నెండో రోజో పదమూడో రోజో, మూడు దాటింది, నిద్ర రాలేదు. కాలు దురద. కట్టు లోపలికి అల్లిక సూది దూర్చి గోక్కుంటూ ఎదుటి గోడ చూస్తున్నాను. గోడ మీద ఏదో కదిలింది.

బల్లి అనుకున్నా. కాదు. ఆకుపచ్చగా ఒక మసక, పైనుంచి కిందికి వేలాడుతూ, ఊగుతోంది. దాని పక్కన పసుపు పచ్చగా ఒక పెద్ద చతురస్రం. చూస్తూ ఉంటే కళ్ళు అలవాటయ్యి ఒక్కొక్కటే తేరుకున్నాయి రా. ఆ పసుపు చతురస్రం ఎదురింటి గోడ. ఆ ఆకుపచ్చ మసక వాళ్ళ వేపచెట్టు. గోడ అడుగున నీలంగా ఉన్నది ఆకాశం. అంతా తలకిందులు. వీధి వీధంతా మా గోడ మీద తలకిందులుగా వేలాడుతోంది, రంగులతో సహా. అంతలో ఒక తోపుడు బండి వచ్చింది. బేనిషా మామిడికాయల బండి. చక్రాలు పైన, కాయలు కింద. బండి తలకిందులైనా ఒక్క కాయా రాలలేదు, తోసేవాడు తల కిందికి పెట్టుకుని హాయిగా నడిచి పోయాడు. బయట వాడి అరుపు మామూలుగానే వినపడుతోంది, బేనిషా, బేనిషా అని.

నాకు భయం వేసింది, నిజం చెప్తున్నా. నొప్పి మాత్రలు ఎక్కువయ్యాయేమో అనుకున్నా. తర్వాత కిటికీ వైపు తిరిగి చూస్తే, మూసిన రెక్కలో ఒక చిన్న రంధ్రం. పెసరగింజంత. 2009 వరద గుర్తుందిగా, అక్టోబర్ 2న మన ఊళ్ళోకి తుంగభద్ర, హంద్రీ రెండూ వచ్చిన రోజు. నీళ్ళు తీశాక ఆ కిటికీ రెక్కలు ఉబ్బి మూసుకోకపోతే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించి, గడియ కాస్త కిందికి మార్పించాడు నాయన. పాత గడియ తాలూకు స్క్రూ బెజ్జం అట్లనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆ బెజ్జంలోంచి వీధి లోపలికి వస్తూనే ఉంది, చూసేవాడు లేడు.

ఇప్పుడు నువ్వు ఆగు. చూసేవాడు లేడు అన్నాను కదా. అబద్ధం.

జేజి ఏమనేది? "గోడ మింద జనాలు తలకాయలు కిందికి పెట్టుకుని పోతాండారు రా" అనేది. రోజూ. మనం ఏం చేశాం?

నాకు ఇది తట్టడానికి, నమ్ముతావో లేదో, రెండు రోజులు పట్టింది. మొదటి రెండు రోజులు ఆటలాగా చూశాను, వీడియో తీశాను (చీకట్లో ఏమీ పడలేదు). మూడో రోజు మూడున్నరకి ఎవడో కుర్రాడు మన సందులోకి ఎర్ర బైక్ మీద వచ్చాడు. గోడ మీద ఎర్ర బైక్, చక్రాలు పైకి, వాడి తల కిందికి. అప్పుడు పేలింది రా బుర్రలో. తలకిందులోడు వస్తాండాడు!

గ్రూప్ టూకి చదువుతున్నాం అని చెప్పి నువ్వు రోజూ మూడున్నరకి నీ ఎర్ర బైక్ మీద వచ్చేవాడివి కదా. నువ్వు గేటు తీయకముందే లోపలినుంచి జేజి కేక వేసేది, తలకిందులోడు వచ్చినాడు, తలుపు తీయండి అని. నువ్వు ఓసారి పుస్తకం తలకిందులుగా పట్టుకుని నిద్రపోతుంటే చూసి ఆ పేరు పెట్టిందనుకున్నాం. అది కాదు. ఆమె నిన్ను చూసింది. నిజంగానే తలకిందులుగా చూసింది. ఎనిమిదేళ్ళుగా నిన్ను నేను పిలుస్తున్న పేరు, నీ పెళ్ళి శుభలేఖ కవరు మీద కూడా రాసిన పేరు, అది వేళాకోళం కాదు రా, ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

అమ్మ ఏమో ఆమెకి పూనకం వస్తుందనుకునేది, మనిషి గుమ్మంలోకి రాకముందే చెప్పేస్తుంది అని. ఇంకోటి కూడా గుర్తు తెచ్చుకో. "గుడారాలేసినారు, తెల్ల గుడారాలు" అనేది కదా. ఆమె పెళ్ళై వచ్చింది కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, 1953 తర్వాత, ఆఫీసులు గుడారాల్లో నడిచాయని మనకి వెయ్యిసార్లు చెప్పింది. అందుకని ఆమె బుర్ర వెనక్కి పోయింది, ఆ కాలంలో ఉంది అని నాయన తేల్చేశాడు. నేను ఇప్పుడు రోజూ చూస్తున్నాను ఆ గుడారాలు. ఎదురింటివాళ్ళు మేడ మీద ఆరేసే దుప్పట్లు. తలకిందులైతే ఆరేసిన దుప్పటి అచ్చం గుడారమే.

డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. వయసు మీద పడితే ఇలాంటివి కనపడతాయి అన్నాడు. ఆయన్ని అనడానికి లేదు, కొందరు పెద్దవాళ్ళకి కనపడతాయట కూడా. అన్నం తిన్నాక ఒక మాత్ర వేయమన్నాడు. ఒంటిగంటకి వేస్తే ఐదింటిదాకా నిద్రపోయేది. నెల తిరిగేసరికి గోడ మీద జనం పోయారు. మాత్ర బాగా పని చేసిందని నాయన ఆయనకి బేనిషాల బుట్ట పంపించాడు.

మనలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆమె పక్కన పది నిమిషాలు కూర్చుని ఆ గోడ చూసి ఉంటే. అంతే కావాల్సింది. కానీ ఎట్లా కనపడుతుంది, మనం వెళ్ళడమే తలుపు బార్లా తీసుకుని వెళ్ళేవాళ్ళం, ఏం జేజీ, ఏం సినిమా అని లైటు వేసేవాళ్ళం. వెలుగు పడగానే బొమ్మ పోతుంది. ఆమె వేలు చూపిస్తూనే ఉండేది ఖాళీ గోడకేసి. నువ్వు గోడకి నమస్కారం పెట్టేవాడివి, నేను నవ్వేవాడిని. ఇప్పుడు

సరే. అది వదిలెయ్. దాని గురించి తర్వాత రాస్తా.

ఇంక నేను చేసిన పని చెప్తా, నీకిలాంటివి ఇష్టం కదా. కూల్‌డ్రింక్ డబ్బా కోసి రేకు ముక్కలు చేసి, ఒక్కోదానికి ఒక్కో సైజు రంధ్రం పొడిచి, ఆ బెజ్జం మీద టేపుతో అతికించి చూశాను. పెన్సిల్ దూరేంత పెడితే బాగా వెలుగు, కానీ అంతా అలికినట్టు ఉంటుంది. సన్న సూదితో పొడిస్తే ఇంకా స్పష్టంగా రావాలి కదా? రాలేదు! రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు అంచుల దగ్గర వంగి విస్తరిస్తుందట, మళ్ళీ మసకే, పైగా చీకటి. మా గోడ కిటికీకి పది అడుగులు, దానికి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు సరిపోయింది. సన్న మేకు కొస. రెండు మూడడుగుల మనుషులు గోడ మీద తిరుగుతారు, చీర అంచు రంగు కూడా తెలుస్తుంది. మధ్యాహ్నమే ఎందుకంటే మా ఇల్లు తూర్పు ముఖం, ఆ వేళకి ఎండంతా ఎదురింటి మీద పడుతుంది, మా కిటికీ నీడలో ఉంటుంది. మబ్బు పడితే లేదు, పొద్దున లేదు. జేజి కూడా మధ్యాహ్నాలే అనేది, వానాకాలం అనేది కాదు. అన్నీ సరిపోతున్నాయి.

ఇది కొత్త సంగతేం కాదట. వెయ్యేళ్ళ కిందట ఇబ్న్ అల్ హైతమ్ అనే ఆయన దీని మీదే కూర్చుని రాశాడు, ఇరాక్‌లోని బస్రాలో పుట్టాడు, నువ్వున్న మస్కట్ వైపే, కనుక్కో. అంతెందుకు, మనకి చూపించారు కూడా! పదో తరగతిలో హంపి, విరూపాక్ష గుడి వెనక ఆ చీకటి గది, గోడ మీద రాజగోపురం నీడ తలకిందులుగా. గైడు చెప్తుంటే మనం ఏం చేస్తున్నాం? నువ్వు సోడా, నేను నీ చొక్కా. అది కూడా రాయాలా?

2019 డిసెంబర్ గ్రహణం నాడు వేపచెట్టు నీడలో నేలంతా నెలవంకలు పడ్డాయని వీధిలో నిలబడి నాకు చూపించింది నువ్వే. అదీ ఇదే. ఆకుల సందుల్లో ఒక్కో బెజ్జం ఒక్కో సూర్యుణ్ణి పడేస్తుంది. అప్పటికి జేజి పోయి రెండేళ్ళు.

తర్వాత నాయన పాత కళ్ళద్దాలు, ప్లస్ టూ, ఒక అద్దం ఊడబీకి అట్టలో బిగించి కిటికీకి పెట్టాను. మూరకు కాస్త ఎక్కువ దూరంలో బటర్ పేపర్ పెడితే చిన్న బొమ్మ, కానీ ఎంత వెలుగు, ఎంత తేటగా! పక్కింటి పిల్లలు రోజూ మూడింటికి తయారు, చెప్పులు బయట విడిచి వరసగా నేల మీద కూర్చుంటారు. ఒకడు వీధిలోకి పోయి గంతులేస్తాడు, మిగతావాళ్ళు లోపల గోడ మీద వాడు సీలింగుకి వేలాడుతూ దూకడం చూసి పడీపడీ నవ్వుతారు, తర్వాత ఇంకొకడి వంతు. అమ్మ బొట్టు పెట్టుకునే అద్దాన్ని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని అందులోకి చూస్తే అంతా సరిగ్గా నిలబడుతుంది, ఆటో వెనక రాత కూడా చదవొచ్చు. కానీ పిల్లలకి అద్దం వద్దంట, తలకిందులే బాగుందంట. టికెట్టు ఒక బొరుగు ఉండ. కట్టు విప్పేలోపు నాలుగు కిలోలు పెరుగుతాను.

నాయనకి నేను చెప్పలేదు. ఎట్లా చెప్పాలి? మొన్న ఆయనే వచ్చాడు, పిల్లల గోల ఏమిటా అని. తలుపు మూసి కూర్చో నాయనా అన్నాను. కూర్చున్నాడు. కాసేపటికి కళ్ళు అలవాటయ్యాయి. గోడ మీద ఎదురింటి దుప్పట్లు ఊగుతున్నాయి. పిల్లలు వెళ్ళిపోయాక కూడా కదల్లేదు. ఎండ వాలి బొమ్మ సన్నగా పోయేదాకా చూసి, "దినామూ వస్తాదా ఇది?" అన్నాడు. ఎండ ఉంటే వస్తుంది అన్నాను. లేచి పోయాడు. రాత్రి అన్నం తినలేదు, కడుపులో బాగలేదన్నాడు. మరుసటి రోజు మూడింటికి పిల్లలకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. నిన్న కూడా.

అమ్మ మాత్రం దోమలొస్తున్నాయి, ఆ బెజ్జంలో లప్పం పెట్టమంటోంది. రేపు వడ్రంగి వస్తాడట, వేరే తలుపు పనికి. నాయన వడ్రంగితో ఏదో విడిగా మాట్లాడుతున్నాడు, మూయడానికో మరి దేనికో, నేను అడగలేదు. నువ్వు ఆగస్టులో వస్తానన్నావు కదా, ఎండ లేకపోతే ఏమీ కనపడదు, కాబట్టి వానలు మొదలయ్యేలోపే వచ్చెయ్, ఆ బైక్ మీ అన్న దగ్గరే ఉందిగా, అది తెచ్చి మూడున్నరకి సందులో ఒక్కసారి

ఆటో వచ్చింది రా, కట్టు చూపించుకోవాలి, అమ్మ హారన్ కంటే గట్టిగా అరుస్తోంది. ఇంతవరకూ ఉన్నది పంపేస్తున్నా.

గుండుగాడు