చించిల్లా కొనేముందు ఇది చదువు

బుజ్జమ్మా,

నువ్వు కొంటానంటూ పంపిన చించిల్లా ఫొటో చూశాం, దట్టమైన బొచ్చుతో చిన్న కుందేలులా ఉంది. మీ అమ్మ అయితే డాలస్ దాకా వెళ్ళి డబ్బులిచ్చి మరీ ఎలుకని కొనుక్కుంటుందా అని మొదలెట్టింది, ఎలుక కాదే అన్నా వినదు (మరీ తప్పు కూడా కాదులే, రెండూ కొరికే జాతివే). వద్దనడానికి రాయట్లేదు. పశువుల డాక్టర్‌గా నా సర్వీసంతా గేదెలూ మేకలే అయినా కుందేళ్ళని కూడా బాగానే చూశాను, చించిల్లా పొట్టా పళ్ళూ దాదాపు కుందేలు లెక్కే, అందుకని ఈ నాలుగు ముక్కలు.

షాపుకి పొద్దుగూకాక వెళ్ళు. అవి పగలు పడుకుని రాత్రి తిరిగేవి. మధ్యాహ్నం వెళ్తే ఓ మూల ముడుచుకుని ఉంటుంది, నిద్రో జబ్బో నీకు తెలీదు, షాపువాళ్ళేమో చాలా బుద్ధిమంతురాలు అంటారు. చీకటి పడ్డాక కూడా కదలకుండా కూర్చుందంటే బుద్ధీ కాదు ఏమీ కాదు, ఒంట్లో బాలేదు.

ఇంక నోరు. మన సంతలో ఎద్దు పళ్ళు చూడకుండా ఎవడూ బేరం మొదలెట్టడు కదా, నువ్వూ అంతే. ముందుపళ్ళు పసుపు, నారింజ మధ్య రంగులో ఉండాలి, గారపట్టాయనుకోకు, ఆ రంగే ఆరోగ్యం. మరీ పసిదానికి తెల్లగా ఉండొచ్చు గానీ ఎదిగినదానికి తెల్లగా ఉంటే అనుమానించు. వీటి పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలి అరగదీసుకోకపోతే వంకర్లు తిరుగుతాయి, దవడపళ్ళ వేళ్ళయితే కంటివైపు పొడుచుకొస్తాయి. దవడపళ్ళు షాపులో నీకు కనపడవు కాబట్టి బయట గుర్తులు చూడాలి. మా ఆస్పత్రికి ఒకాయన కుందేల్ని తెచ్చి నీళ్ళు తాగేటప్పుడు మీద పోసుకుంటోందండీ అన్నాడు, గడ్డం కింద బొచ్చంతా తడిసి అట్టకట్టింది, తీరా నోరు తెరిచి చూస్తే పక్కపన్ను నాలుకలోకి దిగిపోయి ఉంది, అది నీళ్ళు కాదు చొంగ. కాబట్టి గడ్డం, ముందుకాళ్ళు తడిగా ఉన్నాయా, కన్ను కారుతోందా చూడు, కింది దవడ అంచు మీద వేలు మెల్లగా పోనివ్వు, బుడిపెలు తగిలితే వదిలెయ్.

పంజరం అడుగున ట్రే కూడా చూడు, సిగ్గుపడకు. పెంటికలు ఎండుగా, గట్టిగా, కోలగా ఉండాలి. మెత్తగా ఉన్నా, చిన్నగా అయిపోయినా, అసలు లేకపోయినా పొట్ట బాలేనట్టే. చర్మంలో ఒక్కో రంధ్రంలోంచి యాభై అరవై వెంట్రుకలు వస్తాయి దీనికి, అంత దట్టం కాబట్టి ముక్కు చుట్టూ, చెవుల దగ్గర బొచ్చు ఊడి పొరలు లేస్తుంటే తామర అయుండొచ్చు, అది నీకూ అంటుకుంటుంది. ఎప్పుడూ నీళ్ళు పొయ్యకు, త్వరగా ఆరదు, దానికి సన్నటి దుమ్ములో పొర్లడమే (డస్ట్ బాత్ అంటారు) స్నానం. షాపువాళ్ళు బొచ్చు పట్టుకుని లాగితే భయానికి ఆ కుచ్చంతా వదిలేస్తుంది, వాళ్ళు ఎలా పట్టుకుంటారో చూస్తే ఆ షాపు ఏపాటిదో తెలిసిపోద్ది.

ఆడా మగా కలిపి ఒకే పంజరంలో పెట్టారా అని గట్టిగా అడుగు. ఆడదానికి కూడా తోక కింద మగదానిలాగే చిన్న మొనలాంటిది ఉంటుంది, షాపువాళ్ళు పొరబడటం మామూలే. 111 రోజులు మోసి కంటుంది కాబట్టి కొన్న మూడు నెలలకి ఇంట్లో పిల్లలు గెంతుతున్నా ఆశ్చర్యపోకు.

నిన్ను ఎరుగుదును కాబట్టి ఇది ముఖ్యంగా రాస్తున్నా, జాలిపడి జబ్బుదాన్ని కొనకు. ఏడుస్తూ తెస్తావు, వెయ్యి డాలర్లు పళ్ళకే పోస్తావు, అక్కడ ఖాళీ అయిన పంజరంలో వాళ్ళు ఇంకోదాన్ని తెచ్చి పెడతారు. ఎవరో వదిలేసినదాన్ని షెల్టర్ నుంచి తెచ్చుకుంటే నాకు ఇంకా ఇష్టం.

మీ ఊరి ఎండ ఒక్కటే నా భయం. ఇవి దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల చలిలో పుట్టినవి. 1923లో మథయాస్ చాప్‌మన్ అనే మైనింగ్ ఇంజినీర్ చిలీ నుంచి కొన్నిటిని కాలిఫోర్నియా తెచ్చేటప్పుడు ఒకేసారి కిందికి దించకుండా నెలల తరబడి మెల్లమెల్లగా దించుకొచ్చాడు, లేకపోతే చచ్చిపోతాయని. నువ్వేమో ఆగస్టులో కార్లో పెట్టుకుని వస్తానంటున్నావు! గది 75 ఫారెన్‌హీట్ దాటకూడదు, 80 దాటిందంటే వడదెబ్బే, చెవులు ఎర్రబడితే అదే మొదటి గుర్తు. ఏసీ ఆగిపోతే ఎక్కడ పెడతావో ముందే ఆలోచించుకో. పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు కూడా బతుకుతుంది, రేపు నువ్వు ఉద్యోగం మారి ఇల్లు మారినా నీతోనే ఉంటుంది.

కుక్కలూ పిల్లుల్ని చూసే డాక్టర్లందరూ వీటిని చూడరు, చించిల్లాలని చూసే డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాకే షాపుకి వెళ్ళు. షాపువాళ్ళు పెట్టే పెల్లెట్లే (గుళికల మేత) ఒక ప్యాకెట్ తీసుకో, తిండి ఉన్నట్టుండి మారిస్తే పొట్ట పాడవుతుంది, వీటికి వాంతి కూడా రాదు. టిమోతీ అనే ఎండుగడ్డి ఎప్పుడూ దాని ముందు ఉండాలి. మీ అమ్మ కిస్‌మిస్‌లు పంపుతానంటోంది, అవి నువ్వే తిను.

నాన్న