ఉఫాలో ఆ గుర్రపు విగ్రహం ఎవరిది?

సంపాదకుడు గారికి,

రష్యా సరిహద్దుల చరిత్ర మీద గత ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. కొసక్కులకూ (సరిహద్దుల్లో స్థిరపడ్డ గుర్రపు సైనికులు) అక్కడి ముస్లిం తెగలకూ తరతరాల మతవైరమని ఒక్క ముక్కలో తేల్చేశారు. రిటైరైన చరిత్ర లెక్చరర్‌ని, ఊరుకోలేక రాస్తున్నాను.

మా మనవరాలు రష్యాలోని ఉఫాలో మెడిసిన్ చదువుతోంది. వెళ్లిన కొత్తలో వాట్సాప్‌లో ఒక ఫొటో పంపి "తాతయ్యా, ఈయనెవరు?" అని అడిగింది. నది పక్కన ఎత్తైన గట్టు మీద గుర్రం, దాని మీద కొరడా ఉన్న చెయ్యి పైకెత్తిన మనిషి. మొత్తం 40 టన్నులట. ఆయన సలావత్ యులాయెవ్, ఆ ప్రాంతపు బాష్కిర్ తెగ ముస్లిం. ఆయనకు అంత పేరొచ్చింది ఒక కొసక్కుతో కలిసి రష్యా మహారాణి కేథరీన్ మీద తిరగబడినందుకే!

1773లో పుగచోవ్ అనే డాన్ కొసక్కు, చనిపోయిన మూడో పీటర్ చక్రవర్తిని (కేథరీన్ భర్త) తానేనని చెప్పుకుని యాయిక్ నది దగ్గర జనాన్ని లేపాడు. అక్కడి కొసక్కులు చేపల వేట హక్కుల కోసం, తమ పెత్తనం తమకుండాలని అప్పటికే 1772లో ఒకసారి తిరగబడి దెబ్బతిన్నారు. బాష్కిర్లది భూమి గొడవ. సలావత్ తండ్రి యులాయ్ వాళ్ల నేల ఇనుప కార్ఖానా కింద పోయింది. ఆయన కోర్టుకెక్కి ఓడిపోయాడు. పుగచోవ్‌ను అణచమని సర్కారు పంపిన దళంతోనే సలావత్ వెళ్లి, అటువైపు చేరిపోయాడు. అప్పటికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. మరుసటి ఏడు ఆ కార్ఖానా తగలబడింది. నదులు, నేల, గడ్డి మీవేనని పుగచోవ్ ఫర్మానాలు ఇటు కొసక్కులకూ అటు బాష్కిర్లకూ ఒకేలా చెప్పాయి.

1775లో పుగచోవ్‌ను చంపేశారు. సలావత్‌ను కొరడాలతో కొట్టి, ముక్కుపుటాలు చీల్చి, బాల్టిక్ తీరంలో ఖైదు చేస్తే 1800లో అక్కడే పోయాడు. జనం ఈ గొడవే మరిచిపోవాలని సర్కారు యాయిక్ నదికి ఉరల్ అని పేరు మార్చింది. నదేం తప్పు చేసిందో!

కొసక్కులు సాధువులని నేననను. బాష్కిర్ల పాత తిరుగుబాట్లను అణచిన సైన్యాల్లో వాళ్లూ ఉన్నారు. 1756లో కజాఖుల మందలు యాయిక్ దాటి మేతకు రాకూడదని సర్కారు నిషేధిస్తే, ఒడ్డున కాపలా కాసింది కొసక్కులే. 1798 నుంచి బాష్కిర్లనూ అదే పద్ధతిలో సరిహద్దు కాపలాకు పెట్టారు. నెపోలియన్ మీద యుద్ధంలో వాళ్లు విల్లంబులతో పారిస్ దాకా వెళ్లారు. అటు కాకసస్ కొండల దగ్గర టెరెక్ నది వైపు కొసక్కులు కొండజాతులతో పోరాడుతూనే వాళ్ల చెర్కెస్కా కోటు తొడుక్కున్నారు, వాళ్లలోనే ప్రాణస్నేహితుల్ని చేసుకున్నారు.

మీ వ్యాసంలో ఇవేవీ లేవు. సలావత్ పేరైనా ఒక్కచోట లేదు. వచ్చే ఆదివారం అతని మీద నాలుగు లైన్లు వేస్తే మా మనవరాలికి కటింగ్ ఫొటో తీసి పంపుతాను. ఉఫా ఐస్ హాకీ జట్టుకూ అతని పేరేనని ఆ పిల్లే నాకు చెప్పింది.

– ఒక పాత పాఠకుడు, ఖమ్మం