బోట్లు చేరకముందే రాసుకున్న చట్టం

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సత్తిబాబూ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన సంగతి సగంలోనే ఆగిపోయింది. రొయ్యల ఫీడ్ వాళ్ల మీటింగులో ఎవరో మేతలో క్రిల్ పొడి కలుపుతున్నామని, రొయ్య ఎగబడి తింటుందని చెప్పాడన్నావు. ఆ క్రిల్ అంటార్కిటికా సముద్రంలోదని తెలిసి, "అక్కడ ఏ దేశమూ లేదు కదరా, మరి ఎవర్ని అడిగి పడుతున్నారు?" అన్నావు. ఇంతలో ఏరియేటర్ ఆగిందని కుర్రాడు కేకేస్తే చెరువు మీదకి పరిగెత్తావు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే ఇది తేలేది కాదు. ఈరోజు కాలేజీ లేదు, పిల్లలు వాళ్ల అమ్మమ్మ గారింటికి యానాం వెళ్లారు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది. రాత్రి గట్టు మీద కాపలాకి వెళ్లినప్పుడు చదువుకో.

ముందు క్రిల్ గురించి. చూడ్డానికి మన చిన్న రొయ్యలాగే ఉంటుంది. పెరిగితే ఆరు సెంటీమీటర్లు, ఐదారేళ్లు బతుకుతుంది. దక్షిణ సముద్రంలో తిమింగలం, పెంగ్విన్, సీల్, చేప, పక్షి చాలావరకు దీని మీదే ఆధారపడతాయి. పిల్ల క్రిల్ చలికాలంలో సముద్రపు మంచు అడుగున పట్టిన నాచు తిని బతుకుతుంది. మంచు తగ్గితే ఆ పిల్లలకి మేత తగ్గుతుంది. పడవలు ఎక్కువగా వేటాడే చోటు కూడా అంటార్కిటిక్ ద్వీపకల్పం చుట్టుపక్కలే, అంటే పెంగ్విన్లూ తిమింగలాలూ మేతకి వచ్చే చోటే. నార్వే పడవలు అందరికన్నా ఎక్కువ పడతాయి. చైనా, దక్షిణ కొరియా, చిలీ కూడా ఉన్నాయి. పట్టినదంతా పొడి అవుతుంది, లేదా ఒమేగా-3 క్యాప్సూల్ అవుతుంది.

ఇక ఎవర్ని అడగాలన్నది. 1959 డిసెంబరు 1న వాషింగ్టన్‌లో 12 దేశాలు అంటార్కిటిక్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అప్పటికే ఏడు దేశాలు అక్కడి నేల మాదంటే మాదని గీతలు గీసుకుని ఉన్నాయి. నాలుగో అధికరణం ఆ తగాదాను తేల్చలేదు. ఒప్పుకోనూ లేదు, కొట్టేయనూ లేదు, ఉన్నచోటే ఆపేసింది. సైన్యం వద్దు, అణు పరీక్షలు వద్దు, సైన్సుకి మాత్రం తలుపులు తెరిచి ఉంచుదాం అన్నారు. మన దేశం 1983లో చేరింది. కానీ ఆ ఒప్పందం సముద్రం జోలికి దాదాపు పోలేదురా. బహిరంగ సముద్రంలో, అంటే ఏ దేశపు పరిధిలోకీ రాని నీళ్లలో, ఎవరికున్న హక్కులు వాళ్లకే ఉంటాయని ఆరో అధికరణంలో రాసి వదిలేశారు. అంటే చేప పట్టుకునేవాడికి అడ్డు లేదు.

ఏం జరిగిందో ఊహించు. దక్షిణ జార్జియా దీవి దగ్గర రాక్‌కాడ్ అనే ఒక రకం చేప విపరీతంగా ఉండేది. 1969-70 సీజన్‌లో సుమారు 4 లక్షల టన్నులు లాగేశారు. రెండు సీజన్లు తిరిగేసరికి చేప లేదు. తిమింగలాలది అంతకన్నా పెద్ద కథ. ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో చంపినవి 20 లక్షలకు పైనే. ఇక క్రిల్ మీద పడతారని భయం పట్టుకుంది. క్రిల్ పోతే దాని మీద బతికేవన్నీ పోతాయి. ఆ భయంతో 1980లో కాన్‌బెర్రాలో ఇంకో ఒప్పందం రాసుకున్నారు. అంటార్కిటిక్ సముద్ర జీవవనరుల సంరక్షణ ఒప్పందం అది, పొట్టిగా కామ్లార్ అంటారు. 1982 నుంచి అమల్లో ఉంది, ఆఫీసు టాస్మానియాలోని హోబర్ట్‌లో. మనం 1986 నుంచి ఆ కమిషన్ సభ్యులం. కాబట్టి నీ ప్రశ్నకి సూటి జవాబు: అడగాల్సింది కామ్లార్‌ని. క్రిల్‌కి పరిమితి పెట్టేదీ, పడవ మీద పరిశీలకుణ్ని కూర్చోబెట్టేదీ వాళ్లే.

ఈ ఒప్పందంలో రెండు సంగతులు నాకు ఎంతో ఇష్టం. మొదటిది, హద్దు. భూమి మీద హద్దుల్లా దేశాలను బట్టి గీసింది కాదు. దక్షిణపు చల్లటి నీళ్లు ఉత్తరపు వెచ్చటి నీళ్లని కలిసే చోటు ఒకటుంది, సుమారుగా అక్కడి వరకూ ఈ చట్టం వర్తిస్తుంది. ప్రాణులు ఎక్కడిదాకా ఉంటాయో చట్టం కూడా అక్కడిదాకా పోయింది. రెండోది, రెండో అధికరణం. పట్టే జీవి ఒక్కటే మిగిలితే చాలదు, దాన్ని తిని బతికే జీవులకీ మిగలాలి అంటుంది. రెండు మూడు దశాబ్దాల్లో మళ్లీ సర్దుకోలేనంత మార్పు సముద్రంలో రానివ్వకూడదు అంటుంది. చేపల వేట గురించి ఇలా రాసిన తొలి ఒప్పందాల్లో ఇదొకటి. ఆ పేరా క్లాసులో చదివిన ప్రతిసారీ ఇంకోసారి గట్టిగా చదవాలనిపిస్తుంది నాకు.

ఇబ్బంది ఎక్కడంటే, కామ్లార్‌లో ముఖ్యమైన నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరగాలి. 26 దేశాలూ యూరోపియన్ యూనియనూ, ఎవరూ కాదనకూడదు. మన కాలువ కింద రైతులందరూ ఒప్పుకుంటేనే నీటి వంతు మారుతుందనుకో, ఎగువన ఒక్కడు అడ్డం తిరిగితే శివారు చేను ఎండాల్సిందే కదా, సరిగ్గా అలాగే. 2016లో రాస్ సముద్రానికి రక్షణ ఇవ్వడానికి అందర్నీ ఒప్పించగలిగారు. 15.5 లక్షల చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్‌లాంటివి తొమ్మిది పడతాయి. 2017 డిసెంబరు నుంచి 35 ఏళ్లు ఆ రక్షణ ఉంటుంది, అందులో ఎక్కువ భాగంలో వాణిజ్య వేట అసలే లేదు. ఆ తర్వాత తూర్పు అంటార్కిటికా, వెడెల్ సముద్రం కోసం ఎన్ని ఏళ్లుగా అడుగుతున్నా చైనా, రష్యా ఒప్పుకోవడం లేదు. ఆ రెండింటికీ మన ప్రభుత్వం 2021లో మద్దతు ప్రకటించింది. ఇది మన పేపర్లలో పెద్దగా రాలేదు గానీ నాకు మాత్రం చాలా సంతోషమేసింది.

క్రిల్ సంగతికొస్తే అట్లాంటిక్ వైపు ప్రాంతంలో ఏడాదికి 6.2 లక్షల టన్నుల హద్దు ఉంది. అక్కడున్న క్రిల్ మొత్తంతో పోలిస్తే అది నూటికి ఒకటి. తక్కువే కదా అంటావు. అంతా ఒకేచోట పడితే తక్కువ కాదురా. ఒక పెంగ్విన్ గూడు పెట్టిన తీరం దగ్గర, అది పిల్లకి మేత తెచ్చే నెలల్లో పట్టేస్తే, ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల అవతల క్రిల్ మిగిలి దానికేం లాభం? అందుకే ఆ 6.2 లక్షల్నీ నాలుగు భాగాలకి పంచి, ఒకచోట ఇంతకు మించి పట్టకూడదన్నారు. ఆ పంపకం నిబంధన 2024తో గడువు తీరింది. పొడిగించడానికి ఏకాభిప్రాయం కుదరలేదు. 2025లో ఏం జరిగిందో తెలుసా? మొత్తం 6.2 లక్షల టన్నులూ మొదటిసారి పూర్తయిపోయి, ఆగస్టుకే వేట మూసేయాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు నిజంగా టెన్షన్ వచ్చింది.

ఇక్కడ నీ వంతు ఒకటుంది. మీ ఫీడ్ డీలర్ని అడుగు, ఆ క్రిల్ పొడి ఏ పడవది, ఏ ప్రాంతంలో పట్టింది అని. జవాబు రాకపోయినా అడుగు. మన డెల్టాలో వేల ఎకరాల చెరువులున్నాయి, అంతమంది రైతులు అడగడం మొదలుపెడితే అది పైదాకా వెళ్తుంది. మన రొయ్య అమెరికా వెళ్లేటప్పుడు తాబేలు తప్పించుకునే వల సంగతి దగ్గర్నుంచి యాంటీబయాటిక్ దాకా వాళ్లు మనల్ని అడుగుతున్నారు కదా.

ఇప్పుడు ఉత్తర ధ్రువం. నా మనసంతా ఇక్కడే ఉంది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం, అవసరమైన నిషేధమే. కానీ భైరవపాలెం, ఉప్పాడ వెళ్లి ఆ రోజుల్లో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బోటు ఒడ్డున ఉంటుంది, అప్పు వడ్డీ మాత్రం ఆగదు, భృతి ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూపులు. ఎందుకంటే మన దగ్గర చట్టం వచ్చేసరికి బోట్లూ ఉన్నాయి, వాటి మీద బతికే ఇళ్లూ ఉన్నాయి. ఒకరి బతుకు ముడిపడ్డాక ఆపడం ఎంత కష్టమో, ఎంత అన్యాయంగా కనిపిస్తుందో మనకి తెలుసు.

బేరింగ్ సముద్రంలోనూ అంతే. అమెరికా, రష్యా తీరాల మధ్య ఎవరి పరిధిలోకీ రాని ఒక ముక్క ఉంది. 1980లలో అందరూ అక్కడికి ఎగబడి పొలాక్ చేప పట్టారు. 1990ల మొదటికి చేప అయిపోయింది. 1993లో వేట ఆపి, 1994లో ఒప్పందం చేసుకున్నారు. ఇన్నేళ్లయినా ఆ చేప తిరిగి కోలుకోలేదు.

ఆ దెబ్బ గుర్తున్నవాళ్లే ఆర్కిటిక్ మధ్య సముద్రం గురించి ముందే ఆలోచించారు. 28 లక్షల చదరపు కిలోమీటర్లు, ఏ దేశానికీ చెందని నీళ్లు. మొన్నటిదాకా ఏడాది పొడవునా మంచే కాబట్టి అక్కడ వేటే లేదు. ఇప్పుడు వేసవిలో అంచులు కరుగుతున్నాయి. చేప ఉందో లేదో, ఎంత పడితే తట్టుకుంటుందో ఎవరికీ తెలియదు. 2018 అక్టోబరు 3న గ్రీన్‌లాండ్‌లోని ఇలులిసాట్‌లో తొమ్మిది దేశాలూ యూరోపియన్ యూనియనూ కూర్చుని సంతకాలు చేశాయి. తెలుసుకునేదాకా వాణిజ్య వేట వద్దు, ముందు కలిసి పరిశోధన చేద్దాం అని. అమెరికా, రష్యా, చైనా, జపాన్ అన్నీ ఉన్నాయి అందులో. 2021 జూన్ 25న అమల్లోకి వచ్చింది, 16 ఏళ్లు ఉంటుంది, ఎవరూ అడ్డు చెప్పకపోతే ఐదేసి ఏళ్లు పొడిగించుకుంటూ పోతారు. అక్కడి ఆదివాసుల అనుభవ జ్ఞానాన్ని కూడా శాస్త్రంతో పాటు లెక్కలోకి తీసుకోవాలని రాశారు. భైరవపాలెంలో గాలి చూసి, నీటి రంగు చూసి చేప ఎక్కడుందో చెప్పే పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్ల మాట ఏ ఒప్పందంలో ఎక్కిందిరా మన దగ్గర?

ఆ ఆర్కిటిక్ ఒప్పందం వల్ల ఒక్క బోటు కూడా ఒడ్డున కట్టేయాల్సిన పని పడలేదు. ఎవరికీ భృతి ఇవ్వనక్కర్లేదు. ఎవరూ అప్పులపాలు కాలేదు. క్రిల్‌కి ఇప్పటికే పడవలున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి, నీ చెరువు దాకా బస్తాలొస్తున్నాయి, కాబట్టి అక్కడ ఒక్క నిబంధన పొడిగించడానికే ఇన్ని ఏళ్ల బేరాలు. రెండు ధ్రువాలకీ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

చమురు గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే పాశర్లపూడి గ్యాస్ బావి మంట చూసిన వాళ్లం మనం. 1995లో ఆ బావి రెండు నెలలకు పైగా మండింది, రాత్రిళ్లు మా ఊరి నుంచి ఆకాశం ఎర్రగా కనిపించేది. నేల మీద, రోడ్డు పక్కన, నీళ్లూ మనుషులూ యంత్రాలూ అందుబాటులో ఉండి కూడా ఆర్పడానికి అంతకాలం పట్టింది. మంచు మధ్యలో, చలికాలపు చీకట్లో అదే జరిగితే? 1988లో అంటార్కిటికాలో తవ్వకాలకు దారి చూపే ఒప్పందం ఒకటి సిద్ధమైపోయింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ సంతకం చేయబోమన్నాయి. అదే 1989లో జనవరిలో అర్జెంటీనా ఓడ ఒకటి అంటార్కిటికాలోనే మునిగి చమురు ఒలికింది, మార్చిలో అలాస్కాలో ఎక్సాన్ వాల్డీజ్ చమురు ఓడ ప్రమాదం. 1991 అక్టోబరు 4న అంటార్కిటిక్ ఒప్పందానికి తోడుగా మాడ్రిడ్ ప్రోటోకాల్ వచ్చింది, ఖనిజ తవ్వకాలు పూర్తిగా నిషేధం. 2048తో ఆ నిషేధం ముగుస్తుందని చాలామంది రాస్తుంటారు, అది తప్పు. అప్పటినుంచి సమీక్ష అడగొచ్చు, అంతే. దానంతటది పోదు. ఓడల చెత్త, చమురు సముద్రంలో పారబోయకూడదని కూడా అందులో ఉంది. 2011 నుంచి అక్కడ బరువైన ఫర్నేస్ ఆయిల్ కూడా నిషేధం. కానీ నష్టం చేసినవాడు ఖర్చు భరించాలని 2005లో స్టాక్‌హోంలో ఒప్పుకున్న అనుబంధం ఈరోజుకీ అమల్లోకి రాలేదు. తగినన్ని దేశాలు ఆమోదించలేదు. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే.

మన దేశం 2022లో అంటార్కిటిక్ చట్టం చేసింది, మనవాళ్లు అక్కడ తప్పు చేస్తే ఇక్కడి కోర్టే విచారించవచ్చు. ఇంకోటి, బహిరంగ సముద్రాల కొత్త ఒప్పందం 2026 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో రక్షిత ప్రాంతాలకు ఏకాభిప్రాయం ఎంత ప్రయత్నించినా కుదరకపోతే నాలుగింట మూడొంతుల ఓట్లతో నిర్ణయించవచ్చు. కామ్లార్ లాంటి పాత సంస్థల పనికి అడ్డు రాకూడదన్న షరతు మాత్రం ఉంది, కాబట్టి దక్షిణ సముద్రం తాళం ఇంకా హోబర్ట్‌లోనే ఉంది.

కామ్లార్ సభ ప్రతి ఏడాదీ అక్టోబరులో జరుగుతుంది. ఈసారి ముందుగానే మా క్లాసులో ఒక నమూనా సభ పెడుతున్నాను. పిల్లలకి ఒక్కొక్క దేశం ఇస్తాను, క్రిల్ పంపకం మీద ఒప్పందానికి రావాలి. మన దేశం తరఫున ఏం మాట్లాడాలో వాళ్లే రాసుకుని, దాన్ని ఢిల్లీలో భూవిజ్ఞాన శాఖకి పంపుతాం. నువ్వు రావాలిరా. రొయ్య రైతు ఒకడు నిలబడి, మేత ఖర్చు ఎంత, క్రిల్ లేకుండా పంట తీయొచ్చా లేదా అన్నది నోటి లెక్కతో చెబితే వాళ్లకి పుస్తకంలో దొరకనిది దొరుకుతుంది. దసరా సెలవులకి ముందు ఏ రోజు పట్టుబడి లేదో చూసి చెప్పు, ఆ రోజే పెడతాను.

బాబాయ్ గారి మోకాలు ఎలా ఉంది? చెల్లెమ్మని అడిగానని చెప్పు. కాకినాడ వచ్చినప్పుడు హోటల్లో దిగితే ఊరుకోను.

నీ
మూర్తి