అవి అతిథులు కావు, మన చెరువు బాతులే

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో పాకాల చెరువులో ఈదుతున్న బాతుల ఫొటో వేసి, కింద ‘విదేశీ అతిథులు వచ్చేశాయి’ అని రాశారు. ఫొటో ఎంతో బాగుంది. కానీ ఆ బాతులు ఏ దేశం నుంచీ రాలేదు. నల్లటి ముక్కు, కొసన పసుపులో ముంచి తీసినట్టు మచ్చ, ముక్కు మొదట్లో రెండు ఎర్ర చుక్కలు ఫొటోలో స్పష్టంగా కనిపిస్తున్నాయి. పుస్తకాల్లో దీన్ని స్పాట్ బిల్డ్ డక్ అంటారు. మా నర్సంపేట వైపు అడవి బాతు అంటాం, అంతే. ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది, ఇక్కడే పిల్లల్ని చేస్తుంది. సూదితోక బాతు, గరిటెముక్కు బాతు లాంటివి చలికాలానికి ఉత్తరాది దేశాల నుంచి వచ్చి, శివరాత్రి దాటి ఎండ ముదిరేసరికి వెళ్లిపోతాయి. అవీ ఇవీ ఒకటి కావు.

పేరు కోసం ఈ ఉత్తరం రాయడం లేదు. అతిథి అనుకుంటే వానాకాలంలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది గుడ్లు పెట్టేదేమో అప్పుడే.

మా ఊరి చెరువు తూము కింద నాకు ఎకరం ఇరవై గుంటల పొలం ఉంది. నిరుడు వినాయక చవితి మర్నాడు బర్రెకు గడ్డి కోస్తుంటే, కొడవలికి మూరెడు దూరంలోంచి బాతు లేచింది. తుంగ దుబ్బు మొదట్లో గడ్డి గుంట, దాంట్లో తల్లి తన రొమ్ము నుంచి పీక్కున్న మెత్తటి నూగు, ఆ నూగులో పది గుడ్లు. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. గడ్డి సర్ది వచ్చేశాను. పొదగడానికి ఇరవై నాలుగు రోజులు పడుతుంది. పదిహేనో రోజున, బతుకమ్మకు గట్టు శుభ్రం చేయాలని కాంట్రాక్టరు జేసీబీ తెచ్చి చెరువు అంచంతా గీకించాడు. ఆడబిడ్డలు బతుకమ్మ ఆడే చోటు శుభ్రంగా ఉండాల్సిందే, నా బిడ్డ కూడా అక్కడే ఆడుతుంది. దానికి మెట్ల ముందర పది గుంటలు చాలు. మత్తడి (అలుగు) దాకా తుంగ ఎందుకు తీసినట్టు?

ఇంకో మాట. ఈ బాతు నీటికాకిలా మునిగి మేయదు. తల కిందికి, తోక పైకి పెట్టి, మెడ అందినంత లోతులోనే గింజలు, నాచు, నత్తలు ఏరుకుంటుంది. నీళ్లు మూరెడు దాటితే దానికి అడుగు అందదు. పూడిక తీసేటప్పుడు అంచును గోడలా నిలువుగా కోస్తే చెరువు నిండా నీళ్లున్నా దానికి మేత ఉండదు. పూడిక తీయొద్దని రైతుగా నేను ఎట్లా అంటాను? ఒక పక్కన శికం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, వాలుగా వదలమంటున్నాను.

పిల్లలు పెద్దయ్యాక తల్లి రెక్క ఈకలన్నీ ఒక్కసారే రాలి, కొన్ని వారాలు ఎగరలేకపోతుంది. వలలు పట్టేవాళ్లకు ఆ సంగతి తెలుసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం నేరమని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. మీరు రాస్తే నాలుగు ఊళ్లకు తెలుస్తుంది.

నా పొలంలో అవి వడ్లు తింటాయి, నారు కూడా తొక్కుతాయి. ఆ మాట దాచను. అయినా అడుగుతున్నాను, దసరా వెళ్లేదాకా తుంగ కొట్టనీయకండి. నిరుడు జేసీబీ తిరగలేక వదిలేసిన మూల ఒకటి మా చెరువులో మిగిలింది. మొన్న పొద్దున అక్కడ రెండు జతలు కనిపించాయి.

– ఒక ఆయకట్టు రైతు,
నర్సంపేట మండలం, వరంగల్ జిల్లా