రిపోర్టులు బాగుంటే జబ్బు లేనట్టేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పరీక్షల ముందో, ఇంట్లో గొడవ జరిగిన మర్నాడో ఆడపిల్ల తరగతిలో కళ్లు మూసుకుని పడిపోవడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల బడుల్లో పనిచేసిన వారికి కొత్త కాదు. ముందు ఫిట్స్ అంటారు. స్కానింగు, మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ తీయిస్తారు. రిపోర్టులు బాగున్నాయనగానే చుట్టాలందరూ 'అయితే నాటకమే' అని తేల్చేస్తారు. నాటకం కాదనుకున్నవారు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. ఆ పిల్లకు నిజంగా జబ్బు ఉందేమోనన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు.

వైద్యులు దీన్ని డిసోసియేషన్ అంటారు. మనసు తట్టుకోలేని స్థితిలో జ్ఞాపకం, స్పృహ, ఒంటి మీద అదుపు ఒకదానితో ఒకటి తెగిపోతాయి. కొందరికి ఫిట్స్ లాంటివి వస్తాయి, కొందరికి మాట పడిపోతుంది. కొందరికి జరిగినదానిలో కొంత భాగం గుర్తే ఉండదు. తమ ఒంటిని తామే బయటినుంచి చూస్తున్నట్టు ఉందని చెప్పేవారూ ఉన్నారు. ఇవేవీ కావాలని తెచ్చిపెట్టుకున్నవి కావు. ఇలాంటి ఫిట్స్‌కు మూర్ఛ మందులు పనిచేయవు. అయినా ఏళ్ల తరబడి అవే మింగుతూ మగతగా బతుకుతున్నవారు ఉన్నారు. కొందరికి అసలు మూర్ఛ కూడా కలిసి ఉంటుంది కనుక డాక్టరు చెప్పకుండా ఏ మాత్రా ఆపకూడదు. ఫిట్స్ వస్తుండగా వీడియోతో పాటు ఈఈజీ తీస్తే తేడా తెలుస్తుంది. అంత వసతి లేనిచోట ఇంట్లోవాళ్లు ఫోనులో తీసిన వీడియో కూడా డాక్టరుకు పనికొస్తుంది, చేతిలో తాళాల గుత్తి పెట్టడం కంటే ఎంతో నయం.

అందరి వెనుకా ఏదో ఒక ఘోరం ఉండి తీరాలని లేదు. చాలామంది వెనుక మాత్రం ఉంటుంది. మన రెండు జిల్లాల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదం నుంచి బయటపడ్డవారికి కాలికి కట్టు కడతారు, బీమా కాగితాలు రాయిస్తారు, రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని ఒక్కరూ అడగరు. తుపానులో పడవ పోగొట్టుకున్న మత్స్యకారులదీ అదే గతి. ఇక సొంత ఇంట్లోనే లైంగిక హింస అనుభవించిన పిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. ఏళ్ల తరబడి అలాంటి హింసలో నలిగినవారికి వచ్చే సంక్లిష్ట మానసిక రుగ్మతను (కాంప్లెక్స్ పీటీఎస్‌డీ) 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా వేరే జబ్బుగా గుర్తించింది. జాతరలో ఆచారంగా వచ్చే పూనకాన్ని జబ్బు అనకూడదని కూడా ఆ జాబితాలోనే ఉంది. కాబట్టి నమ్మకం ఉన్నవారు నొచ్చుకోవలసిన పని లేదు.

ఏ.ఎస్.పేట, కసుమూరు దర్గాలకు రోగులను తీసుకెళ్లేవారిని నేను తప్పుపట్టను. ఆస్పత్రిలో దొరకని ఓదార్పు అక్కడ దొరుకుతుంది. కానీ తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచిన చోట 2001 ఆగస్టు 6న మంటలు చెలరేగితే గొలుసులతో కట్టేసి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది రోగులు కాలిపోయారు. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. గుజరాత్‌లోని ఉనావా దర్గాలో ప్రార్థనతో పాటు మందూ అందేలా మానసిక వైద్యులు అక్కడికే వచ్చి చూస్తున్నారు. మన దర్గాల దగ్గర కూడా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వైద్యులు వారానికి ఒక పూట కూర్చోలేరా? నెల్లూరు, ఒంగోలు రెండుచోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. కలెక్టర్లు తలచుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు.

ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో దీనికి ఒక పూట కేటాయించాలి. పిల్ల పడిపోతే చుట్టూ మూగకుండా, తలకు దెబ్బ తగలకుండా చూడటం, మొహాన చెంపదెబ్బలు కొట్టకపోవడం నేర్పితే చాలావరకు సరిపోతుంది. ఆ పిల్ల ఎప్పుడైనా నోరు విప్పి ఇంట్లో జరిగింది చెబితే గుచ్చిగుచ్చి అడగకూడదు. లైంగిక హింస అయితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. బాలల సహాయానికి 1098 ఉంది. మానసిక సహాయానికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితంగా, రాత్రీపగలూ, తెలుగులోనే మాట్లాడతారు. సినిమా ప్రకటనలకిచ్చే చోటులో కాస్త తగ్గించి ఆ రెండు నంబర్లను మీ జిల్లా పేజీలో వేయించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కావలి, నెల్లూరు జిల్లా