గొంతు బాగాలేదని పంపేయకండి

సంపాదకుడు గారికి,

మా వీధిలో ఒక పాపను సంగీతం నేర్పే చోట రెండు పాటలు పాడించి, గొంతు పనికిరాదని ఇంటికి పంపేశారు. మూడో పాట దాకా కూడా ఆగలేదు. ఇదే పద్ధతి ఆనాడు ఇటలీలో కచ్చితంగా అమలైతే అక్కడి స్వరకర్త డోనిజెట్టి ఒపెరాలు (పాటలతో నడిచే నాటకాలు) మనకు దక్కేవి కావు.

గేతానో డోనిజెట్టి 1797లో బెర్గామోలో పుట్టాడు. వాళ్లది నేలమాళిగ ఇల్లు. వెలుగన్నది సోకని మెట్లు దిగి లోపలికి వెళ్లేవాళ్లమని తర్వాత ఓ ఉత్తరంలో ఆయనే రాసుకున్నాడు. తండ్రి ఊళ్లో తాకట్టు సంస్థకు కాపలాదారు. ఆ సంపాదనతో సంగీతం చెప్పించడం ఎక్కడి మాట? జర్మనీలోని బవేరియా నుంచి వచ్చి సాంతా మరియా మజ్జోరె చర్చిలో సంగీతం చూస్తున్న సిమోన్ మాయర్ 1806లో అక్కడ ఉచితంగా బడి నడపబట్టి సరిపోయింది. అన్న జుసెప్పెను వయసు మీరిందని చేర్చుకోలేదు (ఆయన తర్వాత ఇస్తాంబుల్‌లో సుల్తాను సంగీత బృందానికి పెద్ద అయ్యాడు, అది వేరే కథ). తమ్ముడికి చోటు దొరికింది.

అది చర్చిలో పాడే పిల్లల కోసం పెట్టిన బడి. ఈ కుర్రాడికేమో గొంతులో లోపం. తీసేస్తారేమోనని టెన్షన్. మాయర్ మాత్రం వదల్లేదు. 1811లో బడి పిల్లల చేత ఆడించడానికి ఓ చిన్న సంగీత నాటకం రాసి, అందులో బాల స్వరకర్త వేషం డోనిజెట్టికే ఇచ్చాడు. వీణ్ణి చదవనివ్వండి అని అధికారులకు చెప్పడానికి అంతకన్నా మంచి అర్జీ ఏముంటుంది? 1815లో డోనిజెట్టిని బొలోన్యా నగరానికి, పేరున్న స్వరకర్త రొస్సీనికి పాఠం చెప్పిన మత్తేయి దగ్గరికి పంపింది కూడా ఆయనే. ఖర్చుకు డబ్బు కూడగట్టిందీ ఆయనే.

పేద పిల్లలకు సంగీతం చెప్పడం మా విజయనగరానికి కొత్త కాదు. ఘంటసాల మధుకరం చేసుకుంటూ చదువుకున్నది ఇక్కడే.

అధికారులకు నా మనవి ఒక్కటే. ప్రభుత్వ సంగీత పాఠశాలల్లో ప్రవేశానికి గొంతు ఒక్కటే చూడకండి. మొదటి ఏడాది అందరికీ చోటివ్వండి. ఏడాది చివర పాఠం చెప్పిన గురువు మాట వినండి. పాట కుదరకపోతే వీణో వయొలినో చేతికివ్వండి.

– ఒక పాఠకుడు, విజయనగరం